లచ్చవ్వ రంజను నీళ్ళు

నాకు గిన్నెలు కడగడం రాదని మా అత్తగారు కూడా ఎప్పుడూ అనలేదు. అలాంటిది మా ఆఫీసులో పదిమంది ముందు మూర్తిగారు అనేశారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి చూడాలన్న సరదా నాకు అంతకుముందు ఏ కోశానా లేదు. నన్ను జీపెక్కించింది ఆ ఒక్క మాటే.

మా ఆఫీసు పని యురేనియం కోసం వెతకడం. వెతకడమంటే గునపం పట్టుకుని తవ్వడం కాదు. ఊరూరా తిరిగి వాగుల్లో ఇసుక, బావుల్లో నీళ్ళు తెస్తారు. వాగు ఇసుకలో పైనున్న రాళ్ళన్నిటి పొడీ కాస్త కాస్త కలిసి ఉంటుంది. బావి నీళ్ళు అడుగునున్న బండల్ని తడుపుకుంటూ వస్తాయి. కాబట్టి ఆ రెండింటినీ సరిగా అడిగితే రాళ్ళ సంగతి చెబుతాయి. తిరిగి తెచ్చేది మూర్తిగారి లాంటి భూగర్భ శాస్త్రవేత్తలు. హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని అడిగేదాన్ని నేను.

అడిగే పద్ధతి కూడా చెబుతాను, గిన్నెల గొడవ అక్కడే ఉంది. నీళ్ళని బొట్టుబిళ్ళంత ప్లాటినం గిన్నెల్లో ఇగిరించి, అడుగున మిగిలిన మరకని ఒక ఉప్పుతో కలిపి కరిగించి, చల్లారాక చీకటి పెట్టెలో నీలి దీపం కింద పెడతాను. యురేనియం ఉంటే లేత పసుపుపచ్చగా మెరుస్తుంది. పోయిన ఏడాది మూర్తిగారు తెచ్చిన సీసాల్లో నూటపదిహేడో నంబరుది దీపావళిలా మెరిసింది. అందరూ సంబరపడి, ఎల్లారెడ్డి దగ్గరున్న ఆ బావికే ఇంకో ఉద్యోగిని పంపి మరో సీసా తెప్పించారు. దాంట్లో చుక్క మెరుపు లేదు.

"మేడమ్ గిన్నె సరిగా కడిగినట్టు లేదు," అన్నారు మూర్తిగారు. మొదటిసారి మెరిసింది గిన్నెకంటిన పాత మరకేనని ఆయన అర్థం.

నేను ఊరుకోలేదు. మొదటి సీసా నీళ్ళు తియ్యనివి, రెండో సీసావి ఉప్పనివి, రెండూ ఒక బావి నీళ్ళు కానే కావని కాగితాలు బల్ల మీద పరిచాను. ఎండలకి నీళ్ళు ఉప్పెక్కి ఉంటాయన్నారాయన. ఎంత ఎండ కాస్తే మాత్రం ఏడాదిలో పాయసం సాంబారవుతుందా అన్నాను. మా పెద్ద అధికారి ఇద్దరినీ చూసి తీర్పు చెప్పారు. ఇద్దరూ కలిసి వెళ్ళాలి, ఇద్దరి కళ్ళముందూ సీసా నిండాలి. ఈసారి కూడా మెరవకపోతే నా మూడేళ్ళ లెక్కలన్నీ తిరగదోడతారు, నన్ను స్టోర్సులో ఖాళీ సీసాల మీద కాపలా పెడతారు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులు అవి. ఫిబ్రవరి చివర. జీపులో మేము ముగ్గురం: నేను, నాతో మాట్లాడని మూర్తిగారు, మా ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేసే డ్రైవరు ఖాజా భాయ్. ఖాజా భాయ్‌ది నిజామాబాదు. యాభై దాటాయి. జీపుని, మా ఇద్దరినీ ఒకే ఓపికతో నడిపించాడు.

కామారెడ్డి

కామారెడ్డి పొలిమేరలోనే బెల్లం వాసన ఎదురొచ్చింది. చెరుకు గానుగలు ఆడే కాలం కదా, ఊరు మొత్తం పొయ్యి మీద పాకం పెట్టినట్టుంది. స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ అరవై పైసలు. మా కోనసీమలో కాఫీ తాగి పెరిగిన నాలుకకి అది మొదటి గుక్క పానకం, రెండో గుక్క మందు, మూడో గుక్క నుంచి వ్యసనం. వెయిటరు చాయ్ కంటే ముందు గ్లాసుడు నీళ్ళు తెచ్చి పెట్టాడు. నేను గ్లాసు పక్కకి జరిపితే, నీళ్ళు బాగాలేవా అని రెండుసార్లు అడిగాడు. ఈ ప్రాంతంలో మర్యాద నీళ్ళతో మొదలవుతుందని నాకు అప్పుడు తెలియదు. మా ఊళ్ళో చెయ్యి చాస్తే కాలువ. ఎవరికీ ఎవరూ నీళ్ళు ఇచ్చినట్టు చెప్పుకోరు.

బెల్లం బజారులో ఒక వ్యాపారి కూర్చోబెట్టి నాలుగు రకాల ముక్కలు నా చేతిలో పెట్టాడు. తెల్లటి లాల్చీ, దాని మీద నాలుగు రకాల మరకలు.

"గిది సదాశివనగర్ దిక్కుది. గిది బీర్కూర్ది. గిది తిని చెప్పుండ్రి ఎట్లున్నదో."

తిన్నాను. తీపి వెనక ఏదో ఉంది.

"ఉప్పు?" అన్నాను.

"గదే! ఉప్పుబాయి నీళ్ళు పారిచ్చిండు రైతు. చెరుకు దాసిపెట్టదు కదా, బెల్లంల వచ్చేసింది. ముక్క నోట్ల ఏసుకుంటే నేను బాయి ఎసొంటిదో చెప్త."

నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించినంత పనైంది. నేను పెట్టెలూ దీపాలూ పెట్టుకుని చేసే పని ఆయన నాలుకతో చేస్తున్నాడు. నీళ్ళు ఉప్పనివో తియ్యనివో అన్నది గాలివాటం సంగతి కాదని మూర్తిగారికి వినిపించేలా ఖాజా భాయ్‌తో అన్నాను. "మూర్తి సాబ్, మేడమ్ అంటున్నరు," అని మొదలుపెట్టి ఖాజా భాయ్ మళ్ళీ అంతా చెప్పాడు. మూర్తిగారు వినలేదు. ఎదురుగా వీధికుక్క ఒకటి నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆయన చేతిలో రాళ్ళు పగలగొట్టే సుత్తి ఉంది, కాళ్ళకి మోకాళ్ళదాకా బూట్లున్నాయి. అయినా ఆయన నడవలేదు. కుక్క వెళ్ళిపోయాక, బెల్లం ధర చాలా ఎక్కువని కోప్పడుతూ జీపెక్కారు.

లింగంపేట వాగు

ఎల్లారెడ్డి దారి పొడవునా మోదుగులు పూసి ఉన్నాయి, ఆకులు లేవు. వాగుల్లో నీళ్ళూ లేవు. నీళ్ళు లేని వాగంటే నాకు మొదట్లో జాలేసింది. తర్వాత, దానిలో దిగి ఇసుక తవ్వాల్సింది నేనే అని తెలిశాక నామీద నాకు జాలేసింది. పై ఇసుక తీసేసి, జానెడు లోతున ఉన్నది తవ్వి, సన్న జల్లెడలో పట్టి, అడుగున దిగిన మెత్తటి పొడిని గుడ్డ సంచిలో కట్టి నంబరు రాయాలి. ఇంట్లో గోధుమపిండి పట్టే పని నాకు కొత్త కాదు. వంగి వంగి నడుం పట్టేసింది అంతే.

మేము జల్లెడ పడుతుంటే ఒక రైతు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు చూసి, లేచి తలపాగా సర్దుకుని మూర్తిగారి దగ్గరికొచ్చాడు.

"సారూ, బోరు పాయింటు జెర మా చెలకల పెట్టిపోరాదుండ్రి."

"మేము బోర్లవాళ్ళం కాదయ్యా. నీళ్ళెక్కడున్నాయో మాకు తెలియదు."

"గన్ని డబ్బలు, గన్ని సీసలు వెట్టుకొని నీళ్ళు యాడున్నయో తెల్వదా?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. మా చదువుల మీద జాలిపడి, మా ముగ్గురికీ తలా ఒక చెరుకు ముక్క ఇచ్చి వెళ్ళాడు.

పక్క పొలంలో ఒక బావి ఉంటే దాని నీళ్ళు నేనే తీశాను. సీసాని అదే బావి నీళ్ళతో మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి నింపి, నీళ్ళు పాడవకుండా యాసిడ్ రెండు బొట్లు వేయాలి. ప్రయోగశాలలో లక్షసార్లు చేసిన పని. ఇక్కడ గాలి వచ్చింది. రెండో బొట్టు సీసాలో కాకుండా నా చీర కుచ్చెళ్ళలో పడింది. చూస్తుండగానే రూపాయి బిళ్ళంత చిల్లు. ప్రయాణం అయ్యేసరికి ఆ చీర నా జల్లెడకి తోబుట్టువయింది. మూర్తిగారు మొదటిసారి నవ్వారు. అదీ అటు తిరిగి.

ఎల్లారెడ్డి

ఎల్లారెడ్డిలో మూడు రాత్రులు ఉన్నాం. అక్కడ ఒక ఇంటావిడ అరుగు మీద భోజనం పెట్టేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పైన ఉల్లిపాయ. పచ్చిపులుసు అంటే పొయ్యి ఎక్కని చారు. చింతపండు పిసికి, మిరపకాయ కాల్చి నలిపి, ఉల్లి ముక్కలు వేస్తే అయిపోయింది. మా వైపు పులుసంటే గంట మరగాలి, లేకపోతే అది పులుసని ఎవరూ ఒప్పుకోరు. మొదటి పూట అనుమానంగా తిన్నాను. రెండో పూట గిన్నె వంచుకుని తాగాను. ఈ వంట చేసినావిడకి మిగిలే తీరికంతా తలుచుకుంటే, మరగబెట్టి మరగబెట్టి మేము ఏం సాధించామా అనిపించింది.

సంతలో తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ కూడా వినిపించాయి. ఒకామె మిరపకాయలు అమ్ముతూ ఒకే బేరంలో మూడు భాషలూ వాడింది. నేను నాకొచ్చిన ఒక్క భాషలో కూడా ఆవిడతో నెగ్గలేకపోయాను.

రెండో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారితే నూటపదిహేడో నంబరు బావి. నా గిన్నెలు శుభ్రమైనవని నాకు తెలుసు. కానీ తెలిసుండటం వేరు, స్టోర్సులో ఖాళీ సీసాల మధ్య కూర్చుని తెలిసుండటం వేరు.

పేరు రాయని ఊరు

ఆ ఊరి పేరు రాయను. కారణం ఈ కథ చివర మీకే తెలుస్తుంది. ఎల్లారెడ్డి నుంచి జీపులో అరగంట. చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపోయినట్టు నల్లటి గుండ్రాళ్ళు. ఊరి చివరి ఇంటి ముందు జీపు ఆగీ ఆగకముందే పసుపు రంగు కుక్క ఒకటి ఉరికివచ్చి టైర్లని తిట్టడం మొదలుపెట్టింది.

మూర్తిగారు తలుపు గట్టిగా వేసుకున్నారు. "కుక్కని కట్టెయ్యమనండి," అన్నారు, నాతో నేరుగా. మూడు రోజుల్లో అదే మా మొదటి సంభాషణ.

అరుగు మీద ఒక ముసలావిడ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు, తంబాకు, దారం, మడత. కళ్ళు మా మీద, వేళ్ళు బీడీ మీద. "మోతీ! ఊకో!" అని ఒక్క అరుపు అరిచింది. కుక్క ఊరుకుంది. కోడలు సాయవ్వ వచ్చి దాన్ని గుంజకి కట్టింది. సాయవ్వ మొగుడు దుబాయిలో కూలిపనికి పోయి రెండేళ్ళయిందట. అత్త పేరు లచ్చవ్వ.

"ఎక్కడికెల్లి వస్తిరి బిడ్డా?"

"పట్నం నుంచి, అవ్వా. మీ బావి నీళ్ళు కావాలి."

"మల్లనా? పోయినేడు దీస్కపోతిరి, మొన్న ఇంకో సారొచ్చి దీస్కపాయె. మా నీళ్ళల్ల ఏమున్నదని గిట్ల తిరుగుతున్నరు?"

బావి పెరట్లోనే ఉంది. కుక్కని కట్టిన ముడి రెండుసార్లు పరీక్షించుకుని మూర్తిగారు దిగివచ్చారు. తానే చేద వేసి తోడారు. నేను సీసా పట్టుకున్నాను. మొదటిసారి తొలిచి పారబోశాను.

"అయ్యో! కింద పారవోస్తవేందే?" లచ్చవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "ఆ బర్రె కుడితిల పొయ్యి!"

రెండోసారీ మూడోసారీ తొలిచిన నీళ్ళు బర్రె కుడితి తొట్లో పోశాను. బర్రె నన్ను ఆదరంగా చూసింది. సీసా నిండింది. నీళ్ళలో ఉప్పెంతో చెప్పే చిన్న పెట్టె నా దగ్గరుంది. దాని కడ్డీ ముంచితే ముల్లు చివరిదాకా పరిగెత్తింది. రెండో సీసా లాగే. తియ్యనితనం ఎక్కడా లేదు. మూర్తిగారు ఆ అంకె రాసుకున్నారు. ఇంకేముంది, స్టోర్సు.

ఏ పుస్తకంలోనూ లేని పని ఒకటి చేశాను. బెల్లం వ్యాపారిని తలుచుకుని ఆ నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. మొహం ఎండు రేగుపండైపోయింది.

"ఉప్పగున్నయా బిడ్డా?" అంది లచ్చవ్వ.

"లేదవ్వా, బాగానే ఉన్నాయి."

"ఊకో. నీ మొఖమే చెప్తున్నది." నా అబద్ధానికి కాదు, నా మొహానికే ఆవిడ నొచ్చుకుంది. ఇంటికొచ్చిన మనిషి తన ఇంటి నీళ్ళు తాగి మొహం చిట్లించింది కదా. "గవి బర్రెలకు, బోళ్ళకు బిడ్డా. మనుషులు తాగుతరా! సాయవ్వా, రంజన్ల నీళ్ళు ముంచుకరాయే!"

గుమ్మం పక్కన నీడలో పెద్ద మట్టి రంజను ఉంది. చుట్టూ తడిగుడ్డ, పైన ఇత్తడి మూత. సాయవ్వ గ్లాసు నింపి ఇచ్చింది. తాగాను. చల్లగా, తియ్యగా, ఆ ఎండలో ప్రాణం లేచొచ్చింది. సగం తాగాక గ్లాసు ఆపి, దాన్నే చూస్తూ ఉండిపోయాను. మిగిలిన సగంలో కడ్డీ ముంచాను. ముల్లు కదిలి, నాకు కంఠతా వచ్చిన చోట ఆగింది. నూటపదిహేడో నంబరు సీసాలో ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ.

"అవ్వా, ఈ నీళ్ళు ఎక్కడివి?"

"ఎక్కడియేంది, తాగేటియి. గుండు బాయివి. గా పెద్దగుండు కింద ఉంటది, మైలు దూరం. పొద్దుగాల వొయ్యి తెస్తం."

"పోయినేడు మా సీసాలో ఏ నీళ్ళు పోశావు?"

లచ్చవ్వ నవ్వింది. "పోయినేడు గా సారు జీబు దిగనే లేదు. మా మోతి అరుస్తుంటే లోపటనే కూసున్నడు. గీ డ్రైవర్ తమ్ముడు సీసా వట్టుకొచ్చి, అవ్వా మీ బాయి నీళ్ళు గావాలె అన్నడు. నేను పోస్తనా గవి? పట్నం నుంచి మా ఇల్లు ఎతుక్కుంట వచ్చినోళ్లకు బర్రెలు తాగేటియి పోస్తే మా ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు కూసో తమ్మీ అని, సీసా లోపటికి దీస్కపొయ్యి మంచిగ మూడు మాట్ల గడిగి, రంజన్ల ముంచి నిండుగ పోసిన. జెరంత సుత తక్కువ పొయ్యలే."

"మరి మొన్న వచ్చినాయనకి?"

"ఆయన అడగనే లేదు. పెరట్లకు వొయ్యి తోడుకున్నడు. నీళ్ళు తాగు బిడ్డా అంటె తాగలే. గసొంటోళ్లకు ఏం జెప్తం?"

నేను ఖాజా భాయ్‌ని చూశాను. అతను రెండు చేతులూ పైకెత్తాడు.

"కసమ్ మేడమ్, నేను బాయి నీళ్ళనే అడిగిన. ఇంటి పెద్దామె తన చేతులతోటి పోసిచ్చింది. ఇవి యాడివని అడుగుతనా? బేఅద్బీ కాదా?"

తప్పు ఎవరిదని చెప్పను? అవ్వ మర్యాద చేసింది. ఖాజా భాయ్ మర్యాద పాటించాడు. ఆ రెండు మర్యాదల మధ్య నేను గిన్నెలు కడగడం రానిదాన్నయ్యాను. నాకు కోపం రావాల్సింది. నవ్వాగలేదు. గోడ పట్టుకుని నవ్వాను. ఎందుకో తెలియకపోయినా సాయవ్వ కూడా నవ్వింది.

మూర్తిగారు నవ్వలేదు. చెవులదాకా ఎర్రబడి, నోట్‌బుక్కు తీసి పోయినేటి పేజీ దగ్గర నిలబడ్డారు.

"మూర్తిగారూ, ఒక్క మాట అడుగుతాను. ఇంకెన్ని ఇళ్ళ దగ్గర కుక్కలున్నాయి?"

ఆయన లెక్కపెట్టుకున్నారు. వేళ్ళ మీద. "నాలుగు," అన్నారు చాలా నెమ్మదిగా. తరువాత, 'ఇంటి బావి' అని రాసున్న చోట కొట్టేసి పక్కన 'రంజను' అని రాసి సంతకం పెట్టారు. ప్రభుత్వ కాగితాల్లో నీటి వనరుగా రంజను నమోదైంది బహుశా అక్కడొక్కచోటే.

గుండు బావి

మర్నాడు తెల్లారుతుండగానే సాయవ్వతో, ఇంకో నలుగురు ఆడవాళ్ళతో కలిసి గుండు బావికి నడిచాం. ఖాళీ చేతులతో రావడం బాగుండదని నేనూ ఒక బిందె అడిగాను. నన్ను ఎగాదిగా చూసి అందరికంటే చిన్నది ఇచ్చారు. పట్నంలో నీళ్ళెట్లా వస్తాయని అడిగారు. నల్లా తిప్పితే వస్తాయన్నాను. "మరి మీ సుద్దులెక్కడ చెప్పుకుంటరు?" అంది ఒకామె. దారి పొడవునా వాళ్ళు చెప్పుకునే కబుర్లే ఆ సుద్దులు.

ఏనుగుల గుంపంత గుండు, దాని కాళ్ళ దగ్గర రాతి బావి. దగ్గరికి రాగానే అందరూ చెప్పులు విప్పేశారు. తాగే నీళ్ళ బావి దగ్గర చెప్పుల కాళ్ళతో నిలబడరు. మూర్తిగారు కూడా రాయి మీద కూర్చుని తన మోకాలి బూట్లు విప్పారు. అది చిన్న పని కాదు, పావుగంట పట్టింది. సాక్ చిరుగులోంచి బొటనవేలు బయటికి చూసింది. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

ఈసారీ ఆయనే చేద వేశారు, నేనే పట్టాను. మూడుసార్లు తొలిచాం, తొలిచిన నీళ్ళు బిందెల్లోకే పోయాయి. యాసిడ్ చీర మీద పడలేదు. మూర్తిగారు తన దగ్గరున్న టిక్కు టిక్కు పెట్టెని గుండుకి ఆనించారు. రాతిలో యురేనియం లాంటిది ఉంటే ఆ పెట్టె తొందరగా కొట్టుకుంటుంది. అంతవరకు నింపాదిగా ఉన్నది ఒక్కసారి దడదడలాడింది.

"గడియారానికి జరమొచ్చినట్టున్నది," అంది సాయవ్వ.

మూర్తిగారి మొహం చూడాలి. పదేళ్ళు తగ్గిపోయారు. సుత్తి, కుక్కలు, బూట్లు అన్నీ మరచిపోయి వట్టి సాక్సులతో గుండు చుట్టూ తిరిగారు. నాకూ ఆనందంతో కాళ్ళు నిలవలేదు. నా గిన్నె నిజం చెప్పింది, మూడేళ్ళ లెక్కలన్నీ నిలబడ్డాయి. వెనక్కి తిరిగితే ఆడవాళ్ళు దోసిళ్ళతో ఆ నీళ్ళే తాగుతున్నారు. నిన్నంతా నేను తాగినవీ అవే. సంతోషం ఎటు పోయిందో పోయింది. భయం వేసింది. ఈ నీళ్ళలో నేను దేన్ని వెతుకుతున్నానో వీళ్ళకి తెలియదు, అది కడుపులోకి పోతే ఏమవుతుందో నాకూ తెలియదు.

తిరుగుదారిలో బిందె సగం నా వీపు మీదే ఒలికిపోయింది. మిగిలిన సగం లచ్చవ్వ రంజనులో పోశాను. సెలవు తీసుకుంటుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తంబాకు వాసన వేసే గరుకు చెయ్యి.

"మా నీళ్ళల్ల ఏమున్నదో చూసినంక కార్డు రాయి బిడ్డా. మంచియైతే మంచియని రాయి. కాకపోతే గదే రాయి. దాసవెట్టకు."

రాస్తానన్నాను. మోతీకి దూరంగా నడుస్తున్నాననుకుని మూర్తిగారు దాని తోక తొక్కారు. అది కరవలేదు, కుంయ్ అని పక్కకి జరిగింది. ఆయన జీపెక్కి వెనక్కి తిరిగి దాన్నే చూశారు. ఎల్లారెడ్డి దాటాక, "పాపం, మంచి కుక్క," అన్నారు.

పట్నం

హైదరాబాదులో ఆ రోజు నా గిన్నెలు నేను కడగలేదు. మూర్తిగారు కడిగారు. మూడుసార్లు, నా ముందు. పెరటి బావి నీళ్ళు చీకటి పెట్టెలో చీకటిగానే ఉండిపోయాయి. గుండు బావి నీళ్ళు నూటపదిహేడో నంబరు లాగే మెరిశాయి. పెద్ద అధికారి మిఠాయి తెప్పించారు. మూర్తిగారు కామారెడ్డి బెల్లం దిమ్మ ఒకటి నా బల్ల మీద పెట్టి, అందరికీ వినిపించేలా క్షమించమన్నారు. మిగతా నాలుగు కుక్కల ఇళ్ళకి తనే వెళ్ళి మళ్ళీ తోడి తెస్తానని కూడా అన్నారు.

అంతా బాగుంది. తాగేవాళ్ళ సంగతేమిటని నేను అడిగేదాకా. అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేదు. మన పని రాళ్ళు వెతకడమన్నారొకరు. అంత కొంచెంతో ఏమవుతుందన్నారు ఇంకొకరు. ఏమీ కాదని మాత్రం ఎవరూ అనలేదు. అధికారి పైకి ఉత్తరం రాశారు. జవాబు ఎప్పుడొస్తుందో పైవాళ్ళకే తెలియాలి. నేను ఆగలేక కార్డు రాశాను. "అవ్వా, గుండు బావి నీళ్ళలో రాతిలోని లోహం ఒకటి కలుస్తోంది. అది మనిషికి ఎంత చెడో నాకు తెలియదు. తెలిసేదాకా ఆ నీళ్ళు తాగొద్దు. ఉప్పగా ఉన్నా పెరటి బావివే తాగండి." మూర్తిగారు చదివి, కింద తన సంతకం కూడా పెట్టారు.

మూడు వారాలకి జవాబొచ్చింది. బడిపంతులు చేత రాయించినట్టుంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మాటలు మాత్రం అవ్వవే.

"బిడ్డా, నీ కార్డు ముట్టింది. ఊరోళ్లందరికి సదివి వినిపిచ్చిన. కొందరు నమ్మిండ్రు, కొందరు నమ్మలే. మేమైతే ఇంటి బాయివే తాగుతున్నం. చాయ్ గొంతు దిగుతలేదు, అయినా అలవాటయితది. సాయవ్వకు పొద్దుగాల నడక తప్పింది, సుద్దులు సుత తప్పినయి. నువ్వు చెప్పినవని రంజన్ల సుత ఉప్పునీళ్ళే పోసినం. అంత మంచిదే. ఒక్కటి రాయలేదు నువ్వు. మా ఇంటికి ఎవలన్న వస్తే ఏం నీళ్ళియ్యాలె?"

ఊరి పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది కదా. నీళ్ళు బాగాలేవని పేరు పడితే ఆ ఇంటికి వచ్చేవాళ్ళే ఉండరు. ఆ నీళ్ళు చేసే చేటుకంటే అవ్వకి అదే ఎక్కువ చేటు.

ఆ కార్డు వారం రోజులు నా సంచిలో తిరిగింది. ప్రయోగశాలలో ఏ పెట్టెలో పెట్టి చూసినా దానికి జవాబు రాదు. చివరికి నాకు తోచింది రాశాను. "వచ్చినవాళ్ళకీ ఉప్పునీళ్ళే ఇవ్వు అవ్వా. మొదటి గ్లాసు నేనొచ్చి తాగుతాను, అందరూ చూస్తుండగా."

వచ్చే నెల సెలవు పెట్టాను. సీసాలు తీసుకెళ్ళను. రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్ళలో చెంచా ఉప్పు కలుపుకుని, అద్దం ముందు నిలబడి, మొహం చిట్లించకుండా తాగడం అభ్యాసం చేస్తున్నాను. మా అత్తగారు ఏమిటే ఇది అని అడుగుతున్నారు. ఇంకా సరిగా రాలేదు.